గాదెలో గడ్డకట్టిన చలువ

నమోదు 1. తడిముల్లు 26

గాదె చూసేవాళ్ళు ఇక మీదట రాసి పెట్టాలని కమిటీ తీర్మానం. పోయినేడు నోటితోనే చెప్పాను, ఉప్పు సరిగ్గా జారడం లేదు, వచ్చి చూడండని. అప్పుడు ఎవరి చెవికీ ఎక్కలేదు. రాస్తే ఎక్కుతుందేమో చూద్దాం. నా పేరు అంకమ్మ. కొత్తమిట్టలో చలువ ఉప్పు గాదె నా చేతిలో ఉంది. గాదె ఊరందరిదీ, దాని వల్ల వచ్చే తిట్లు మాత్రం నావి.

పొద్దున్నే కొయ్యసుత్తి పట్టుకుని గాదె చుట్టూ తిరిగాను. మూడు మిద్దెల ఎత్తున్న ఇనపరేకు గాదె ఇది. తూర్పు వైపు చలువింటి గోడకి ఆనుకుని ఉంటుంది. పడమటి వైపు సందులోకి ఉంటుంది. మూతి చలువింటి నేలమాళిగలోకి దిగి ఉంటుంది. రేకు మీద సుత్తితో తడితే, లోపల పొడి వదులుగా ఉన్నచోట మెత్తటి చప్పుడొస్తుంది. గడ్డకట్టినచోట సుత్తి ఎగిరి వెనక్కొస్తుంది. ఈ రోజు పడమటి వైపు చాలాచోట్ల ఎగిరింది. పోయిన వారం ఒక్కచోటే ఎగిరింది.

తర్వాత తడిముల్లు చూశాను. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం అది. ఒంటి మీద చెమట ఆరుతుందో లేదో చెబుతుంది. ముప్పై మూడుకి చేరితే కూత వేస్తారు, ఊరంతా చలువింట్లోకి వెళ్ళి తలుపులు మూసుకుంటుంది. బయట ఉన్న మనిషి నీడలో కూర్చున్నా, కడుపు నిండా నీళ్ళు తాగినా, ఆ పూట దాటడు. ఆవిరి రోజులంటే అవి. ఇంకా నెలకి పైగానే టైముందని మౌలాలి అన్న అంటాడు. ఆయన కమిటీ పెద్ద, అలా అనడం ఆయన పని. నాకు మాత్రం ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

మధ్యాహ్నం రోజూలాగే సందులో పోయేవాళ్ళు గాదె మీద తలా ఒక చెంబు నీళ్ళు చల్లి పోయారు. నేనూ చల్లాను. కాలిన రేకు సుయ్యిమంది.

నమోదు 2. తడిముల్లు 27

మూతి పలక లాగి ఒక గంపెడు ఉప్పు దించి చూశాను. రవ్వలా జారాల్సింది. కొంత జారింది, తర్వాత ధబ్బుమని కొబ్బరికాయంత గడ్డ ఒకటి జాలీ మీద పడింది. దాని వెనకే ఇంకొకటి. తీసుకెళ్ళి తొట్టి నీళ్ళలో వేశాను. పొడి అయితే వేసీ వెయ్యగానే కరిగి నీళ్ళు జిల్లుమంటాయి. గడ్డ అడుక్కి పోయి కూర్చుంది. నేను అన్నం తిని వచ్చినా అది అక్కడే ఉంది, నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి.

ఆవిరి రోజుల్లో గాలి స్తంభిస్తుంది, మసక కమ్మి ఎండ ఉన్నా లేనట్టే, కరెంటు రాదు. గదుల్ని చల్లబరిచేది ఈ ఉప్పు కలిసిన నీళ్ళే. గొట్టాల్లో ముందు పిల్లల గదికి, తర్వాత పని చేసేవాళ్ళ గదికి, చివరికి ముసలివాళ్ళ గదికి పోతాయి. ముసలివాళ్ళు మెట్లెక్కలేరని కింద, చివరి గది ఇచ్చారు. అంటే ఉప్పు తడబడితే ముందు వేడెక్కేది వాళ్ళ గదే. పోయినేడు అదే జరిగింది. మూతికి గడ్డ అడ్డం పడింది. నేను కింద బాదుతూనే ఉన్నాను, పైన ముగ్గురు పోయారు. వాళ్ళలో మా అత్త నేస్తం మరియమ్మత్త ఒకరు.

మా అత్త చెంచమ్మ ఆ పూట మరియమ్మత్త పక్క మంచం మీదే ఉంది. ఆమె చెయ్యి పట్టుకునే ఉందట. మా అత్త బతికి బయటపడింది గాని, అప్పటి నుంచి నాలుగు అడుగులేస్తే పిల్లికూతలే. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఆ గది ఇంకొక్కసారి అట్టా వేడెక్కితే మీ అత్త నిలవదు అంకమ్మా" అని చెప్పేసింది. మా ఆయన సముద్రంలో గాలిమరల మీద పని చేస్తాడు, ఆవిరి రోజులు అయిపోయే దాకా రాడు. రేడియోలో నిన్న "అమ్మ జాగ్రత్త" అన్నాడు. జాగ్రత్త అన్న మాట నోటితో అనడం ఎంత తేలికో.

నమోదు 3. తడిముల్లు 27

చేసిన పనులు. గాదె పైమూతకి కొత్త రబ్బరు వేయించాను. బియ్యం మిల్లు నుంచి ఊక తెప్పించి తెల్లగా కాల్చి, ఆ బూడిద సన్న జల్లెడ పట్టి ఉప్పులో కలిపాను. బూడిద రేణువుల మధ్య దూరితే అవి ఒకదాన్నొకటి అంటుకోవు. అది నిజంగానే పని చేస్తుంది, గిన్నెలో కలిపి చూశాను. రెండు రోజులకోసారి కింద నుంచి తీసిన ఉప్పు మళ్ళీ పైన పోయిస్తున్నాను, కదులుతూ ఉంటే గట్టిపడదని. వంచిన నడుము ఎత్తలేక తల ప్రాణం తోకకొచ్చింది.

ఈ రోజు సుత్తితో కొట్టి చూస్తే గడ్డలు తగ్గలేదు. పెరిగాయి. పడమటి వైపే పెరిగాయి.

నమోదు 4. తడిముల్లు 28

మాలకొండయ్య అన్నతో గొడవపడ్డాను. చలికాలంలో, చలువింట్లో వాడేసిన ఉప్పునీళ్ళు మళ్ళలోకి పెట్టి, ఉత్తరపు గాలికి ఆరబెట్టి, ఉప్పు దంచి గాదెకి పంపేది ఆయన, ఆయన మనుషులు. ఉప్పు తడిగానే పంపారని నా అనుమానం. అనుమానం ఏమిటి, ఖాయం అనుకునే వెళ్ళాను.

"ఏందమ్మాయ్ నువ్వనేది? నా ఉప్పు తడిదంటావా?" అన్నాడు. అరవై దాటిన మనిషి, మెడ నరాలు ఉబ్బాయి.

"తడిది కాకపోతే ఈ గడ్డలు యాడనుంచి వచ్చినయ్యి? ఆకాశంలోంచి ఊడిపడినయ్యా?"

ఆయన లోపలికి పోయాడు. తన కొట్టంలో పక్కన దాచి ఉంచిన ఉప్పు గుప్పెడు తీసి, ఇనప గరిటెలో వేసి పొయ్యి మీద పెట్టాడు. పైన గాజు గ్లాసు బోర్లించాడు. తడి ఉంటే గ్లాసు లోపల ఆవిరి పట్టాలి. ఇద్దరం వంగి చూస్తూ నిలబడ్డాం. గ్లాసు కడిగి తుడిచినట్టు ఉంది. తర్వాత నేను గాదె నుంచి తెచ్చిన గడ్డలోంచి ఒక ముక్క వేశాడు. గ్లాసు తెల్లగా మసకబారింది.

"నేను ఆరబెట్టే పంపినా. తడి నీ కాడికి వచ్చినాకే పట్టింది. నీ ఇంట్లో చూసుకో ముందు" అన్నాడు. అక్కడున్న మళ్ళ మనుషులందరూ విన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మండింది కోపంతో కాదు, ఆయన చెప్పింది నిజం కాబట్టి. సరే అని కూడా అనకుండా వచ్చేశాను.

నమోదు 5. తడిముల్లు 29

సగం పైగా ఉప్పు బయటికి తీయించి, నడుముకి తాడు కట్టుకుని గాదెలోకి దిగాను. పైన తాడు పట్టుకుంది ఎవరనుకున్నారు? మాలకొండయ్య అన్న. పిలవకుండానే వచ్చాడు. "నీ మీద కోపం ఉంది గాని, తాడు ఇంకొకడికిచ్చేంత లేదు" అన్నాడు.

లోపల ఊపిరాడదు. దీపం ఎత్తి చూస్తే నడిమధ్య ఉప్పు చక్కగా వదులుగా ఉంది. తూర్పు గోడ శుభ్రం. పడమటి గోడకి మాత్రం జానెడు మందాన పెచ్చు పట్టి ఉంది. పొరలు పొరలుగా, ఒకదాని మీద ఒకటి. కిందకి చూస్తే సందు నేల మట్టం దాకానే ఉంది, దాని కింద నేలమాళిగ భాగంలో లేదు. పైకి చూస్తే రెండు నిలువుల ఎత్తున ఆగిపోయింది, అక్కడి నుంచి రేకు మళ్ళీ మెరుస్తోంది. పెచ్చు అన్నిటికంటే మందంగా ఉన్నది సందు మలుపులో, చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు రోజూ పోయే దారి పక్కన.

రెండు నిలువుల ఎత్తు. ఎందుకక్కడే ఆగింది? లోపల వేలాడుతూనే ఆలోచించాను. చెంబుతో నీళ్ళు విసిరితే ఎంత ఎత్తు పోతాయో అంతే ఎత్తు.

పైకొచ్చి మాలకొండయ్య అన్నకి చెప్పాను. ఎండకి రేకు కాలుతూ ఉంటుంది. లోపల ఉన్న గాలిలో చెమ్మ ఉంటుంది. నేను తిప్పి పోసినప్పుడల్లా కొత్త చెమ్మగాలి నేనే పంపించాను. మిట్టమధ్యాహ్నం ఊరంతా చన్నీళ్ళు చల్లేసరికి రేకు ఒక్కసారిగా చల్లబడి, లోపలి చెమ్మంతా వచ్చి గోడకి పట్టుకుంటుంది. ఉప్పు తడుస్తుంది. సాయంత్రపు ఎండకి మళ్ళీ కాలి రాయి అవుతుంది. మర్నాడు దాని మీద ఇంకో పొర.

ఆయన గాదె వంక చూశాడు. "నేనూ పోస్తన్నా గదమ్మాయ్, రోజూ" అన్నాడు.

నమోదు 6. తడిముల్లు 29

మౌలాలి అన్న గడ్డ చేతిలో పెట్టుకుని, పొరలు గోటితో గీరి, నేను చెప్పిందంతా విని నమ్మాడు. నమ్మడం సమస్య కాదు. "ఆపమని నేను చాటింపు వేయిస్తా. ఇంటారంటావా?" అన్నాడు.

వినరు. ఈ ఊళ్ళో కాలేదాన్ని చూస్తే నీళ్ళు పోయకుండా ఎవరూ ఉండలేరు. వాకిలి మీద పోస్తాం, మంచం మీద చల్లుతాం, ఇంటికొచ్చిన మనిషికి ముందు కాళ్ళ మీద పోసి తర్వాత మంచినీళ్ళిస్తాం. మమ్మల్ని బతికించే గాదె ఎండలో కాలుతుంటే చూస్తూ పోవడమా? దాన్ని ఊళ్ళో అందరూ పాపం అనే అంటారు. పైగా ఈ అలవాటు పెట్టింది మా అత్త. గాదె కట్టిన తొలి ఏడు ఎండకి రేకులు సాగి అతుకులు టపటపా పేలుతుంటే, పగిలిపోతుందని అందరూ పరిగెత్తారట. ఈమె ఒక్కతే బిందెతో నీళ్ళు పోసిందట. చప్పుడు ఆగింది. ఆ ఏడు ఊరు బతికింది. ఇప్పటికీ ఆవిరి రోజుల ముందు తొలిచెంబు అని ఒక రోజు పెట్టి, ఆమె చేతే మొదటి నీళ్ళు పోయిస్తారు.

"నువ్వే చెప్పాలమ్మా మీ అత్తకి" అన్నాడు మౌలాలి అన్న. చెప్పేసి చక్కగా వెళ్ళిపోయాడు.

నమోదు 7. తడిముల్లు 30

అత్తకి చెప్పలేదు. దానికి బదులు గాదె చుట్టూ తాడు కట్టాను. తాడు అవతల నుంచి విసిరారు. ముళ్ళకంప వేశాను. చేపల ఆడవాళ్ళు చెంబులు మాని బకెట్లు తెచ్చారు, దూరం ఎక్కువైంది కదా అని. ఒకామె నన్ను చూసి, "పాపం అంకమ్మక్కకి తీరట్లేదేమో, తన వంతు కూడా మనమే పోద్దాం" అని నా పేరున ఇంకో బకెట్ పోసింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అరిచాను. నేను అరిస్తే ఎండ దెబ్బ తగిలిందనుకుని నా నెత్తిన కూడా పోశారు.

తడిముల్లు మూడు రోజుల్లో ఒక గీత పెరిగింది. కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చుంటున్నాయి. నేను సుత్తి పట్టుకుని తిరుగుతున్నాను, తిరిగి తిరిగి మళ్ళీ అక్కడికే వస్తున్నాను.

నమోదు 8. తడిముల్లు 30

చెప్పాను. పొద్దున గంజి తాగుతుండగా చెప్పాను.

"అత్తా, గాదెలో గడ్డలకి కారణం నీళ్ళే. సందులో చల్లే నీళ్ళు."

గ్లాసు కింద పెట్టింది. "నా నీళ్ళా?"

"ఊరి నీళ్ళు."

"ఊరికి నేర్పింది నేనేగా. నా నీళ్ళు రాయైనయ్యని చెప్తన్నావు. నాడు మొగోళ్ళంతా పరిగెత్తిపోతే బిందె ఎత్తుకున్నదాన్ని నేను. నిలబడిందా లేదా గాదె?"

"నిలబడింది. ఆ రోజు అవసరం, పోశావు. రోజూ పోస్తే లోపల చెమ్మ పడతంది."

"నిన్న గాక మొన్న గాదె తాళం చేతికొచ్చింది నీకు. కళ్ళు నెత్తికెక్కినయ్యి." ఆయాసం వచ్చింది, ఆగింది, ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. "నీళ్ళు ఆపితే నేను చలువింట్లోకి అడుగు పెట్టను. కూత వేసినా రాను. ఈ మంచం మీదే ఉంటా. ఏమవుద్దో అవ్వనీ."

ఊరికే బెదిరించే మనిషి కాదు. ఒకసారి మా ఆయన మీద అలిగి ఇల్లొదిలి పదిహేను రోజులు గుడారం వేసుకుని ఉంది, ఆయన వెళ్ళి కాళ్ళు పట్టుకునే దాకా. నీళ్ళు ఆపకపోతే ఆమె ఆ గదిలో పోతుంది. ఆపితే ఈ మంచం మీద పోతుంది. భయంతో నోరు జారింది. "మరియమ్మత్త ఆ నీళ్ళకే పోయింది!" అని అరిచాను.

ఆమె గ్లాసు పక్కకి జరిపింది. గోడ వైపు తిరిగి పడుకుంది. గంజి అలాగే ఉండిపోయింది.

నమోదు 9. తడిముల్లు 31

రెండు రోజుల నుంచి నాతో మాట్లాడలేదు, సరిగ్గా తినలేదు. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ అలా మొహాన కొట్టినట్టు చెప్పాల్సింది కాదు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఈ ముసలమ్మతో రోజుకో గొడవ. కూరలో ఉప్పు నుంచి గాదెలో ఉప్పు దాకా. ఆమె లేని ఇంట్లో నేను ఎవరితో మాట్లాడతానో తెలియదు. గాదె లెక్కల్లో రాయాల్సిన సంగతి కాదు ఇది, అయినా రాస్తున్నాను.

సాయంత్రం హఠాత్తుగా నోరు తెరిచింది. "ఆ గడ్డ ఒకటి తీసుకరా" అంది. తెచ్చి ఒళ్ళో పెట్టాను. వేళ్ళతో పొరలు తడిమింది. ఒక పొర అంచు విరిచి నీళ్ళ గ్లాసులో వేయించుకుంది. అది కరగకుండా అడుగున కూర్చుంటే, చీకటి పడే దాకా దాన్నే చూస్తూ ఉంది. "మరియ ఎప్పుడూ నాకన్నా పైకి విసిరేది నీళ్ళు. చెయ్యి పొడుగు దానిది" అంది.

నమోదు 10. తడిముల్లు 31

తొలిచెంబు ఈ రోజు. ఆమె వస్తుందో రాదో చివరిదాకా తెలియదు. మాలకొండయ్య అన్న మనుషులు కుర్చీ తెస్తే ఎక్కి కూర్చుంది. సందంతా జనం, ప్రతి చేతిలో చెంబు. మౌలాలి అన్న నా వంక చూస్తాడు, నేను నేల వంక చూస్తాను.

గాదె ముందు దింపారు. అత్త లేచి నిలబడి, అరచెయ్యి రేకుకి ఆనించింది. కాలిందేమో, అయినా తియ్యలేదు. "నీకు మేలనుకునే పోశాం తల్లీ" అంది గాదెతో. పక్కనున్న నాకే వినబడింది. తర్వాత చెంబు ఎత్తి తన నెత్తి మీదే వొంపుకుంది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తడిసిన మొహం తుడుచుకోకుండానే జనం వైపు తిరిగింది. "ఈ నీళ్ళకి లోపల ఉప్పు రాయవతా ఉంది. నేను చూశా, నా చేత్తో పట్టుకుని చూశా. ఇక దీనికి చాలు. కాలేది ఇదొక్కటేనా? మీ పక్కనోళ్ళు కాలట్లా? వాళ్ళ మీద పొయ్యండి!"

చేపల ఆడవాళ్ళలో ఒకామె మౌలాలి అన్న నెత్తి మీద బోర్లించేసింది. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పలేను, ఎవరు ఎవర్ని తడిపారో ఎవరికీ తెలియదు. కమిటీ పెద్ద టోపీ ఇంకా దొరకలేదు. గాదె మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు.

ఇంటికొచ్చాక తల తుడుస్తుంటే ఏడ్చింది. "మరియను నేనే చంపుకున్నానే" అంది. కాదత్తా, నేనూ పోశాను, అందరం పోశాం, ఎవరికి తెలుసు అన్నాను. అది ఆమెకి ఏమాత్రం చాలలేదు. నాకూ చాలలేదు. "చలువింటికి వస్తావుగా?" అని అడిగాను. తల ఊపింది.

నమోదు 11. తడిముల్లు 32

అనుకున్న టైము లేదు. ముల్లు పరిగెత్తుతోంది. మళ్ళ మనుషులంతా గాదెలోనే ఉన్నారు, తాళ్ళకి వేలాడుతూ కొయ్యసుత్తులతో పెచ్చు కొడుతున్నారు. ఉప్పు బయట పరిచి ఆరబెడదామంటే ఈ గాలికి పరిచిన చోటే బురదవుతుంది. అందుకే పగలగొట్టినది వెంటనే దంచి, జల్లించి, ఊక బూడిద కలిపి, మూతలున్న డబ్బాల్లో పెడుతున్నాం. గాదె చుట్టూ వెదుళ్ళు పాతి, రేకుకి తగలకుండా తాటాకు దడి కడుతున్నాం. ఎండ నేరుగా పడకపోతే అది కాలదు. అది కాలకపోతే ఎవరి చెయ్యీ చెంబు మీదకి పోదు.

కింద భాగం అయింది. నడుము ఎత్తు అయింది. పైన ఇంకా ఉంది.

నమోదు 12. తడిముల్లు 33

మధ్యాహ్నానికి ముందే కూత వేశారు. పైన పెచ్చు కొంత మిగిలే ఉంది. డబ్బాల్లో ఉప్పంతా గాదెలో పోసి మూత బిగించి అందరం చలువింట్లోకి వచ్చేశాం. అత్తని మూడో గదిలో మంచం మీద పడుకోబెట్టాను. పక్క మంచం ఖాళీగా ఉంది, దాని మీద ఎవర్నీ పడుకోబెట్టొద్దంది.

మూతి పలక లాగాను. ఉప్పు రవ్వలా జారింది. తొట్టి చుట్టూ చెమ్మ పట్టింది. ఇంతవరకూ బాగానే ఉంది. నేను నేలమాళిగ వదిలి వెళ్ళడం లేదు.

నమోదు 13. తడిముల్లు 35

మొదటి రోజంతా జారింది. ఈ రోజు మధ్యాహ్నం ఆగిపోయింది.

పైన మిగిలిన పెచ్చు ఊడి మూతిలోకి దిగినట్టుంది. పలక పూర్తిగా లాగినా గింజ రాలేదు. గొట్టాల్లో నీళ్ళు చేత్తో పట్టుకుంటే గోరువెచ్చబడుతున్నాయి. పోయినేడు సరిగ్గా ఇలాగే మొదలైంది. మాలకొండయ్య అన్న వెదురుతో కింద నుంచి పొడుస్తుంటే నేను సుత్తితో బాదాను. పనసకాయంత గడ్డ, అడ్డంగా ఇరుక్కుంది. వెదురు విరిగింది. ఇంకొకటి విరిగింది.

"చెయ్యి పెట్టమాక! పడితే చెయ్యి ఉండదు" అన్నాడు ఆయన.

"పలక పట్టుకో అన్నా" అన్నాను. మూతిలోకి భుజం దాకా చెయ్యి పెట్టి, పొడుగాటి ఉలి గడ్డ మీద ఆనించి, రెండో చేతి సుత్తితో కింద నుంచి కొట్టాను. ఎన్ని దెబ్బలో తెలియదు. గడ్డ పొరల దగ్గరే చీలింది. ఆయన నన్ను జుట్టు పట్టి వెనక్కి లాగాడు. మరుక్షణం గడ్డ ముక్కలూ, దాని వెనక ఉప్పూ దూకినట్టు పడ్డాయి. ఆ తర్వాత ఉప్పు జారుతూనే ఉంది. ఆయన తొట్టిలో చెయ్యి పెట్టి గబుక్కున తీసేసుకున్నాడు, అంత చల్లగా ఉన్నాయి నీళ్ళు.

నేను మెట్లెక్కి మూడో గదికి పరిగెత్తాను. నీళ్ళు ఎంతసేపు ఆగాయో లెక్క చూసుకోలేదు. గదిలో ముసలివాళ్ళందరూ కదలకుండా పడుకుని ఉన్నారు. అత్త మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని గోడ వైపు తిరిగి ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

"వచ్చావా" అంది, తిరక్కుండానే. "నీళ్ళు ఎక్కువ వదిలినట్టున్నావే. చలేస్తా ఉంది. దుప్పటేమన్నా ఉందేమో చూడు."

దుప్పటి. కొత్తమిట్టలో ఏ ఇంట్లో వెతికినా దుప్పటి ఉండదు. నేను పుట్టినప్పటి నుంచి ఎవరూ కప్పుకోగా చూడలేదు. ఆ మాట ఎక్కడ దాచుకుందో ఈ ముసలమ్మ. లేదత్తా అని చెప్పబోయి ఏడుపొచ్చి చెప్పలేకపోయాను. ఉప్పు కొట్టుకున్న బట్టలతోనే ఆమె మంచం ఎక్కి, వెనక నుంచి రెండు చేతులా గట్టిగా పట్టుకుని పడుకున్నాను.

"ఇంకాస్త ఇటు జరుగు" అంది.